రెండిళ్లకూ ఒకే ముఖం

ఉస్మానియా క్యాంపస్, హైదరాబాదు
14 ఆగస్టు 1967

శ్రీమతి భారతమ్మ గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. మీరెవరో మొన్నటిదాకా నాకూ తెలియదు. కానీ రేపు మీ వంటింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. అంత దగ్గరవాళ్లం కాబోతున్నాం. తార్నాకలో గట్టయ్య కాంట్రాక్టరు కట్టిన జంట ఇళ్లలో ఎడమవైపుది మీవారు రాజలింగం గారు తీసుకున్నారట. కుడివైపుది మేం తీసుకున్నాం. మధ్యగోడ ఒక్కటే. నా పేరు రాజేశ్వరి. మావారు రంగనాథ్ ఇక్కడ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెబుతారు. మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. పెళ్లయినప్పటినుంచీ ఊరూరా అద్దె ఇళ్లూ, ఇక్కడికొచ్చాక క్వార్టర్సూను. సొంత గోడకు మేకు కొట్టుకునే యోగం ఇన్నాళ్లకు పట్టింది.

ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న సాయంత్రం అటు నడిచి వెళ్లేసరికి ఇద్దరు మనుషులు బకెట్లలో పసుపురంగు సున్నం కలుపుతున్నారు. అచ్చం తాలూకా కచేరీ రంగు! “ఆపండి, ఆపండి!” అని రోడ్డు మీదనుంచే అరిచాను. మావారు సిగ్గుతో అటువైపు తిరిగి నిలబడ్డారు.

గట్టయ్య వచ్చి, “అందరికి గిదే కొడతనమ్మా. మీకు వేరే కావాల్నంటె చేస్త. గని రెండిండ్లకు మొఖం ఒక్కటే. సగం మీసం గొరిగి సగం ఉంచితె మంచిగుంటదా? పక్కింటామెతోని మీరు మాట్లాడుకొని ఒక ఫైసలా చెప్పుండ్రి. దసరా దాక ఆగుత” అన్నాడు. మీ అడ్రసు కూడా ఆయనే తెచ్చిచ్చాడు.

కనుక చెప్పండి. మన ఇంటికి ఎలాంటి ముఖం కావాలి?

మీ కాబోయే పక్కింటి
రాజేశ్వరి


జనగామ
22 ఆగస్టు 1967

రాజేశ్వరి గారికి,

భారతమ్మ నమస్కారాలు. మీ ఉత్తరం మా బడికి వచ్చింది. నేను ఇక్కడి బాలికల పాఠశాలలో తెలుగు టీచరును. కుట్టుపని పీరియడులో విప్పాను. చదువుతూ నవ్వితే పిల్లలందరూ సూదులు ఆపి నన్నే చూశారు.

ఒక సంగతి మీకు చెప్పాలి. మీరు ఆ ఇంటిని సాయంత్రంపూట నడిచి వెళ్లి చూస్తున్నారు. నేను ఒక్కసారి కూడా చూడలేదు. మావారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేస్తారు. బౌద్ధనగర్‌లో వాళ్ల మేనమామ ఉప్పలయ్య గారింట్లో ఉంటారు. ఆదివారం పొద్దున బండికి వచ్చి రాత్రి బండికి వెళ్లిపోతారు. పెళ్లినాటినుంచీ మాది ఆదివారాల కాపురమే. ఇల్లు దొరికితే నేనూ అటు బదిలీ పెట్టుకోవచ్చునని ఆయన తిరిగి తిరిగి ఈ ఇల్లు చూశారు, బయానా ఇచ్చారు. అంతా అయ్యాక వచ్చి, “ఇల్లు నేను చూసిన. రంగు మాత్రం నువ్వు చెప్పు భారతి” అన్నారు. ఆ మాటకే నాకు ఎంతో సంతోషమైంది. కానీ చూడని ఇంటికి రంగు ఎలా చెప్పను?

పసుపు మాత్రం వద్దండి. రైల్వే వాళ్ల గోడలన్నీ ఆ రంగే. పొద్దంతా అందులో ఉండి ఇంటికి వస్తే మళ్లీ అదే అయితే ఆ మనిషికి డ్యూటీ దిగినట్టే ఉండదు.

మీకు వీలైతే, ఇల్లు ఎలా ఉంటుందో నాకు రాయండి.

భారతమ్మ


ఉస్మానియా క్యాంపస్
30 ఆగస్టు 1967

భారతమ్మ గారూ,

వీలైతే ఏమిటండీ! ఈ ఇంటి గురించి మాట్లాడదామంటే వినే మనిషి దొరక్క కొట్టుకుంటున్నాను. మావారికి భూమి లోపలున్నదాని మీద తప్ప పైనున్నదాని మీద ఆసక్తి లేదు.

వినండి. మా క్యాంపస్ దాటి తార్నాక వైపు వస్తే కొత్త వీధులు, ఇంకా కంకర కూడా తొక్కుడుపడలేదు. అక్కడక్కడా ఒక ఇల్లు, మధ్యలో బండరాళ్లు, సీతాఫలం పొదలు. మన ఇల్లు మలుపు తిరగగానే కనబడదు. కొంచెం ఎత్తు ఎక్కాలి. పడమటి ముఖం. ముందు పొడుగాటి వరండా, మధ్యలో నడుమెత్తు గోడ. ఇటు కూర్చుని నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే అటునుంచి మీరు చెయ్యి చాచి అందుకోవచ్చు. మీ వైపు మూడు గదులు, వెనక వంటిల్లు. వంటింటి కిటికీలోనుంచి దూరాన గుట్టలు కనిపిస్తాయి. వెనక దొడ్డిలో పనివాళ్లు పోసిన రాళ్ల గుట్ట తీసేస్తే ఏమైనా నాటుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, లాలాగూడ సైరను అక్కడికి వినిపిస్తుంది. మీవారు డ్యూటీ దిగి నడిచి ఇంటికి రావచ్చు.

ఇక ముఖం. నాకొక ఆలోచన ఉంది. మా తాడిపత్రి నల్లబండలు! మా తమ్ముడు లారీకెత్తించి పంపిస్తానంటున్నాడు. ముందుగోడకు నిలువుగా అతికిస్తే అద్దంలా మెరుస్తుంది. తార్నాక మొత్తం మీద అలాంటి ఇల్లు ఉండదు. ఊహించుకోండి!

రాజేశ్వరి


జనగామ
9 సెప్టెంబరు 1967

రాజేశ్వరి అక్కయ్యకు,

అలా పిలవవచ్చునా? మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. “నడిచి ఇంటికి రావచ్చు” అన్న దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదువుతున్నాను.

నల్లబండల మాట మా అత్తమ్మ సారలమ్మతో అన్నాను. ఆమె పొయ్యి ముందునుంచి లేవకుండానే, “ఇంటి మొఖానికి నల్ల బండలా? గా బండలు వంటింట్ల ఏసుకోమను. ఎవలన్న మొఖానికి బొగ్గు రాసుకుంటరా?” అన్నది. మా అత్తమ్మ మాటకు ఈ వాడలో అప్పీలు లేదు. నిజం చెప్పాలంటే నాకూ నలుపు మీద మనసు పోలేదు. కోపం తెచ్చుకోకండి.

నా మనసులో ఒకటి ఉంది. రాయాలంటే సిగ్గుగా ఉంది. పోయిన ఏడాది పిల్లల్ని ఎక్స్‌కర్షనుకు తీసుకుని మీ క్యాంపస్‌కు వచ్చాను. ఆర్ట్స్ కాలేజీ ముందు అందరం కూర్చుని పులిహోర తిన్నాం. పొద్దు వాలుతున్నది. ఆ రాళ్ల మీద ఎండ పడి, ఎరుపు కాదు, తెలుపు కాదు, నిద్రలేచిన పసిపిల్ల బుగ్గల రంగు వచ్చింది. పిల్లలు బస్సెక్కుతున్నా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మన ఇల్లు కూడా పడమటి ముఖమే అని రాశారు కదా.

అంత పెద్ద కాలేజీ రాయిని ఇంటికి అడగడం అత్యాశేనని తెలుసు. నవ్వి ఊరుకోండి.

మీ చెల్లెలు
భారతి


ఉస్మానియా క్యాంపస్
20 సెప్టెంబరు 1967

భారతీ, నా తల్లీ,

నవ్వలేదు. చెప్పులేసుకుని పరుగెత్తాను!

ముందు కోపం వచ్చిన మాట నిజమే. మా తాడిపత్రి బండను బొగ్గన్నారని రెండు పూటలు ముఖం ముడుచుకున్నాను. మూడోపూట సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి నడుస్తూ ఎందుకో తలెత్తాను. రోజూ ఆ దారినే నడుస్తాను. నిజంగా ఎప్పుడూ చూడలేదు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలిపి పైన మిరియాలు చల్లినట్టుంది ఆ రాయి. అక్కడే నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి మావారినడిగితే ఆయన పుస్తకంలోనుంచి తలెత్తకుండా, “అది ఇక్కడి రాయే. హైదరాబాదంతా దాని మీదే కూర్చునుంది. కోట్ల ఏండ్లనాటిది. దానికేం తొందర లేదు, నీకే తొందర” అన్నారు.

మర్నాడు గట్టయ్యను పట్టుకుని అడిగాను, అలాంటి రాయి ఎక్కడ దొరుకుతుందని. ఆయన నా ముఖం వింతగా చూశాడు. “ఎక్కడో ఎందుకమ్మా, మన దొడ్లనే పడి ఉన్నది గద! గీడ పెద్ద రాతిగుండు ఉండె. దాన్ని కొట్టిచ్చే కదా పునాది తీసింది. ముక్కలు పారబోసుడెట్ల అని నేనే పరేషాన్ అయితున్న” అన్నాడు. వెనక్కి వెళ్లి చూస్తే, భారతీ, గుట్టగా పడి ఉన్నాయి. దుమ్ము కొట్టుకుని బూడిదరంగులో ఉన్నాయి. బొక్కెనెడు నీళ్లు తెచ్చి గుమ్మరించాను. నీ పసిపిల్ల బుగ్గలు బయటపడ్డాయి!

రాళ్లను పలకలుగా చెక్కించి, కిటికీల కింద అంచు దాకా ముందుగోడకు అతికిస్తానన్నాడు. పైనంతా తెల్లటి సున్నం. నా వైపు మూలన కాస్త చేసి చూపించాడు కూడా. సాయంత్రం ఎండ పడేదాకా అక్కడే ఉన్నాను. ఏం చెప్పను! మావారు సైతం చెయ్యి పెట్టి తడిమి, “బాగుందే” అన్నారు. ఆయన నోట ఆ మాట మా పెళ్లిలో కూడా రాలేదు.

వెంటనే చెప్పు. రాళ్ల మధ్య సిమెంటు గీతలు ఉబ్బెత్తుగా పెట్టించనా, లోపలికి తీయించనా? అదొక్కటీ నీ ఇష్టం.

అక్కయ్య


జనగామ
27 సెప్టెంబరు 1967

అక్కయ్యా,

లోపలికే. ఉబ్బెత్తుగా ఉంటే ముసలివాళ్ల చేతి నరాల్లా ఉంటాయి.

నిన్న క్లాసులో పద్యానికి అర్థం చెబుతూ చెబుతూ నల్లబల్ల మీద ఇల్లు గీశాను. వరండా, నడుమెత్తు గోడ, కిటికీల కింద రాళ్లు. ఒక పిల్ల లేచి, “టీచర్, గిది ఎవలిల్లు?” అన్నది. “మాది” అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

ఆదివారం మావారికి మీ ఉత్తరం చదివి వినిపించాను. “ఆమె నాకంటె ముందుగాల నీకు ఇల్లు చూపెట్టింది” అని మురిసిపోయారు. బదిలీ దరఖాస్తు కూడా పెట్టేశాను.

ఇంకా రాయండి. ఎంత చిన్న సంగతైనా సరే.

భారతి


జనగామ
10 నవంబరు 1967

రాజేశ్వరి గారికి,

మీరు రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. పరీక్షల పనివల్ల జవాబు రాయలేకపోయాను. గోడ విషయంలో మీకు ఎలా బాగుంటే అలా చేయించుకోండి. మా వైపు గురించి తొందర లేదు.

అందరం క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను.

భారతమ్మ


ఉస్మానియా క్యాంపస్
18 నవంబరు 1967

భారతమ్మ గారికి,

ఈ కార్డు రాసింది ఎవరు? అందగానే నేను మొదట చూసింది చేతిరాత. నీదే. మాటలు మాత్రం ఎవరో పైఆఫీసరు నీచేత రాయించినట్టున్నాయి.

నీ కార్డు వచ్చిన రోజే తార్నాక వెళ్లాను. నా వైపు రాతిపని సగం అయింది. మనం అనుకున్నట్టే గీతలు లోపలికి తీశారు. తరవాత నీ వైపు చూశాను. పసుపు సున్నం! కింద పునాది దగ్గరనుంచి కిటికీ పైదాకా కొట్టేశారు.

“ఇదేం పని గట్టయ్యా? సగం మీసం సంగతేమైంది?” అని అడిగాను.

“నేనేం చేద్దునమ్మా? వాళ్లు బయానా వాపస్ అడుగుతున్నరు. రాజలింగం సారు వచ్చి, మా అమ్మ ఒప్పుకుంటలేదు, వేరేటోళ్లను చూసుకో అని చెప్పిపోయిండు. కొనెటోడు ఎవడొస్తడో ఏమో. అందాక ఖర్చు లేకుండ అగ్గువల కొట్టి పెడుతున్న” అన్నాడు.

ఆ మాట నువ్వు నాకు చెప్పాలి గాని గట్టయ్య చెప్పాలా? ఆ ముఖాన్ని నువ్వు కోరుకున్నావని కదా నేను నా నల్లబండలు వదులుకున్నది! ఇప్పుడు ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి నా పక్కన ఉంటారు. నువ్వూ నాకు ముక్కూముఖం తెలియనిదానివే. ఆ సంగతి ఈ కార్డు చూశాకే గుర్తొచ్చింది.

ఇష్టం లేకపోతే జవాబు రాయనక్కర్లేదు. ఇష్టం ఉంటే మాత్రం నిజం రాయి.

రాజేశ్వరి


జనగామ
24 నవంబరు 1967

అక్కయ్యా,

నిజమే రాస్తున్నాను. గట్టయ్య అన్నది అబద్ధం కాదు.

దీపావళికి మావారు వచ్చినప్పుడు సంతోషంలో మీ మొదటి ఉత్తరం తీసి అత్తమ్మకు చదవడం మొదలుపెట్టారు. ముందు బాగానే విన్నది. “మధ్యగోడ ఒక్కటే” అన్నచోట, “ఆగు. ఏమన్నవ్? గోడ ఒక్కటేనా?” అన్నది. మిగతా ఉత్తరాలు విననే లేదు.

మీకు మా అత్తమ్మ కథ తెలియదు. మా మామగారూ వాళ్ల తమ్ముడూ వేరుపడ్డప్పుడు ఇంటి మధ్యలో గోడ పెట్టుకున్నారు. అవతల ఆమె తోటికోడలు లింగమ్మ. ఇక ఆనాటినుంచీ వాళ్లిద్దరికీ ఆ గోడే యుద్ధభూమి. ఈమె గడపకు పసుపు రాస్తే ఆమె రెండు పూతలు రాసేది. ఆమె అలికితే ఈమె అలికి ముగ్గేసేది. బీరతీగ గోడ దాటితే పంచాయితీ. లింగమ్మ అత్త కొడుకు దగ్గరికి కరీంనగర్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అయినా మా అత్తమ్మ ఇప్పటికీ తెల్లారి లేవగానే ముందు ఆ గోడవైపే చూస్తుంది.

“ఒక్క గోడతోని నా వయసంత పోయింది. నా కోడలికి గా బతుకు వద్దు. విడి ఇల్లయితె రేపే వస్త. జంట ఇంట్ల నా కాలు పెట్ట” అన్నది. మావారు తల వంచుకుని జొన్నరొట్టె తుంచుతూ ఉన్నారు. ఒక్క చూపుతో క్లాసంతా నోరు మూయించే నేను, అక్కయ్యా, లేచి ఆమెకు మంచినీళ్లు ముంచిచ్చాను. నా మంచికే అంటున్నదని తెలిసి ఏమని వాదించను? మీకు ఎలా రాయాలో తెలియక ఆ కార్డు రాశాను. రాసి పోస్టుడబ్బాలో వేసి, డబ్బా దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

వచ్చే వారం అత్తమ్మ బౌద్ధనగర్‌లో తమ్ముడింటికి పోతున్నది. అక్కడినుంచి తార్నాక వచ్చి గట్టయ్యతో తనే తెగదెంపులు చేసుకుంటానంటున్నది. ఆ రోజు మీరు అక్కడ ఉండకండి. ఆమె మాట కరకు. మిమ్మల్ని అంటే నేను భరించలేను.

నల్లబల్ల మీద గీసిన ఇంటిని మర్నాడు నేనే తుడిచేశాను.

భారతి


ఉస్మానియా క్యాంపస్
4 డిసెంబరు 1967

చెల్లీ భారతీ,

నువ్వు ఉండొద్దన్నావు. ఉన్నాను. ఏం జరిగిందో మొదటినుంచి రాస్తాను, కూర్చుని చదువు. కుట్టుపని పీరియడులో మాత్రం చదవకు, పిల్లలు భయపడతారు.

ఉదయం రాతిపని చూస్తూ నా వరండాలో కూర్చున్నాను. రిక్షా వచ్చి ఆగింది. ముందు ఒక పెద్దాయన దిగాడు, ఆయనే మీ ఉప్పలయ్య మామ. తరవాత పొడుగ్గా, నిటారుగా ఒకావిడ దిగింది. చేతులకు ఇంత లావు వెండి కడియాలు. దిగి రోడ్డు మీదే నిలబడి ఇల్లంతా ఒక్క చూపు చూసింది. నాకు తెలిసిపోయింది. లేచి నమస్కారం పెట్టాను. ఆమె నా నమస్కారం చూడలేదు, గోడను చూస్తున్నది.

“గీ రాయి ఇల్లు ఎవలది?”

“మాదేనమ్మా.”

“మరి గా పసుపుది?”

నేను నోరు తెరిచేలోపు గట్టయ్య పరుగెత్తుకొచ్చాడు. “గది మీదేనమ్మా. వాపస్ చేస్తున్నరు గదా, అందుకే...”

“మాదా?” అన్నది మీ అత్తమ్మ. ఆ ఒక్క మాట ఎలా అన్నదనుకున్నావు! రాతిపనివాళ్ల సుత్తెలు ఆగిపోయాయి. “మా మొఖానికి గీ కచ్చేరి సున్నమా? గీ పక్క దొరల గడి, గా పక్క పోలీసు ఠాణానా? ఎవడు కొట్టమన్నడు నిన్ను?”

“అక్కా, మనం వద్దనే చెప్పొస్తిమి గదా” అని ఉప్పలయ్య గారు మెల్లగా గుర్తుచేశారు.

“వద్దంటె వద్దు! వాపస్ చేసేదాక అది నా కొడుకు ఇల్లే గదా? దారిల పోయెటోళ్లు ఏమనుకుంటరు? రాజలింగం పెండ్లానికి చేతగాలె, పక్కింటామె మంచిది కొట్టేసింది అనరా?” అంటూ మెట్లెక్కి, కింద పడున్న పెంకుముక్క తీసుకుని, భారతీ, తన చేత్తో ఆ సున్నం గీకడం మొదలుపెట్టింది! పసుపు పొట్టంతా ఆమె చీర మీద రాలుతున్నది. గట్టయ్య “అమ్మా అమ్మా” అంటున్నాడు. ఆమె మీ మెట్టు మీద చతికిలబడి, “గీ పసుపంత పోయి రాయి పడేదాక నేను లేవ. ఉప్పలయ్యా, నువ్వు పోయి అన్నం తినుపో” అన్నది.

అప్పుడు నావైపు తిరిగింది. “నువ్వేనా ఉత్తరాలు రాసేదానివి?”

“నేనేనమ్మా.”

“మంచి మంచి రాళ్లన్ని నీ దిక్కు ఏరుకున్నవ్. మాకు పెచ్చులు మిగిలిచ్చినవా?”

నువ్వు చెప్పావు ఆమె మాట కరకని. కానీ నేనూ తాడిపత్రిదాన్నే. ఆగలేకపోయాను. “నేనేమీ ఏరుకోలేదు. మీరే వద్దని పోయినారు. మీ కోడలు కోరిన రాయి ఇది. ఆమె మనసుపడిందని నేను నా బండలు మానుకున్నాను. వద్దనుకున్నవాళ్లకు రాళ్లెందుకు?” అన్నాను. అన్నాక నాకే భయమేసింది.

ఆమె చేతిలోని పెంకుముక్క కింద పెట్టింది. “నా కోడలు కోరిందా? గీ రాయి?”

“అవును. ఆర్ట్స్ కాలేజీ దగ్గర చూసిందంట, పసిపిల్ల బుగ్గల రంగంట. మీకు చెప్పలేదా?”

“నల్ల బండలు వద్దన్ననే గని... దానికేం కావాల్నో నేను అడగలే” అన్నది. గొంతు కొంచెం తగ్గింది. అంతే, వెంటనే లేచింది. “రాళ్లెక్కడున్నయి?”

ఇద్దరం దొడ్లోకి వెళ్లాం. ఆ మధ్యాహ్నమంతా ఏం చేశామో తెలుసా? మీ అత్తమ్మ కొంగు బిగించి గుట్ట తిరగేసి, ఎర్రజీర ఉన్నవన్నీ ఏరి మీ వైపు కుప్ప పోసింది. నేనెందుకు ఊరుకుంటాను? మంచి గులాబీరంగు పలక ఒకటి ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాం.

“ఇడువు బిడ్డా.”

“మీరే విడవండి. మీకు అంత కుప్ప ఉండాదే!”

“నా కోడలు బుగ్గలరంగు రాయి అది. ఇడువు!”

విడవలేదు. ఆమె లాగింది, నేను లాగాను. గట్టయ్య తల పట్టుకుని, “గిద్దరు గిట్లయితె ఆ గోడ ఏమైతదో!” అన్నాడు. దానికి మీ అత్తమ్మ గబుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వులో పట్టు జారి రాయి ఇద్దరి కాళ్ల మధ్య పడి రెండు ముక్కలైంది. చెరొకటి తీసుకున్నాం.

క్వార్టర్సునుంచి అన్నం, గోంగూర పచ్చడి తెచ్చాను. నా వరండాలో కూర్చుని తిన్నది. “ఉప్పు తక్కువ” అన్నది. రెండోసారి వడ్డించుకున్నది. చెయ్యి కడుక్కుంటూ ఏమన్నదో విను: “మా యారాలు లింగమ్మ ఉత్త మెత్తది. ఒక్కటంటె ఏడ్చి అలిగి పండేది. కొట్లాటకు సుఖం లేకుండె. గోడవతల నీయసొంటి గట్టిది ఉంటె దినాలు మంచిగనే గడుస్తయి.”

రిక్షా ఎక్కేముందు గట్టయ్యను పిలిచి, “వాపస్ లేదు గీపస్ లేదు. మళ్ల వచ్చేటాలకు రెండు దిక్కులా ఒక్క తీరుండాలె. గీతలు లోపటికే తియ్యి, నా కోడలికి ఉబ్బుంటె నచ్చది” అన్నది. ఈ గీతల సంగతి రాళ్లు ఏరేటప్పుడు మాటవరసకు నేను ఒక్కసారి అన్నాను. శ్రద్ధగానే విన్నదన్నమాట.

భారతీ, ఇల్లు నీదే! నల్లబల్ల మీద మళ్లీ గీసుకో!

నీ అక్కయ్య


జనగామ
11 డిసెంబరు 1967

అక్కా,

తొందరలో రాస్తున్నాను, రాత బాగుండదు.

అత్తమ్మ రైలు దిగి ఇంట్లోకి వస్తూనే చెంబు నీళ్లు తాగి, “పక్కింటామె పోరు మనిషి. నువ్వు జాగ్రత్తగ ఉండాలె. అందుకే నేను కూడ వస్తున్న” అన్నది. మీ గోంగూర గురించి వాడకట్టంతా చెప్పింది. ఉప్పు తక్కువన్న సంగతి మాత్రం చెప్పలేదు. తరవాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, “నీకు గా రాయి అంత నచ్చితె నాకెందుకు చెప్పలే?” అన్నది. “మీరు అడగలేదత్తమ్మా” అన్నాను. “అడగకుంటె చెప్పవా? ఇగనుంచి చెప్పు” అన్నది. ఇన్నేళ్లలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

మావారికి వార్త తెలిసి ఆదివారం దాకా ఆగలేక మధ్యలోనే సెలవు పెట్టి వచ్చేశారు.

బదిలీ వచ్చినా రాకపోయినా వస్తాను. వస్తాను, వస్తాను.

భారతి


తార్నాక
2 మే 1968

అక్కా,

పైన ఊరి పేరు చూశారు కదా! మీరు తమ్ముడి పెళ్లికి తాడిపత్రి వెళ్లిన మూడోనాడే మేం వచ్చేశాం. బదిలీ ముషీరాబాద్‌లో బాలికల బడికి అయింది, జూన్‌లో చేరాలి. మీ తాళంచెవి రంగనాథ్ బావగారు ఇచ్చి వెళ్లారు. ఇల్లు ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ మీరు నాకు రాశారు. ఇప్పుడు నేను మీకు రాస్తాను.

అత్తమ్మ సామానుతో ముందే వచ్చింది. మావారూ నేనూ సాయంత్రం బండి దిగి తార్నాకలో నడుస్తున్నాం. ఆయన కావాలనే ఏమీ చెప్పకుండా నా వెనక నడుస్తున్నారు. ఎత్తు ఎక్కాను. పొద్దు వాలుతున్నది. కుడిచేతివైపు ఒక ఇల్లు కనబడింది. కిటికీల కిందంతా ఎండలో వెలుగుతున్నది, పైన మల్లెపూవులా తెలుపు. నేను మనసులో ఎన్నోసార్లు కట్టుకున్న ఇల్లు చిన్నది, రంగు మరీ ఎరుపు. ఇది అది కాదు. అందుకని, అక్కా, నేను ఆగలేదు. “ఎవరో పుణ్యాత్ములు, ఎంత చక్కగా కట్టుకున్నారు” అనుకున్నాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా. మనది ఇంత బాగుండదులే, అయినా మనదే కదా అని సర్దిచెప్పుకుంటూ దాన్ని దాటి ముందుకు వెళ్లిపోయాను.

నాలుగిళ్లు దాటాక వెనక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూశాను. మావారు ఆ ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు.

“ఎక్కడికి పోతున్నవ్ భారతి? ఇల్లు గీడుంటె?” అన్నారు.

వెనక్కి ఎలా వచ్చానో తెలియదు. చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. వరండా ఎక్కకుండా ముందు గోడ దగ్గరికే వెళ్లి రెండు చేతులూ ఆనించాను. రాయి ఎండకు వెచ్చగా ఉంది. మనిషి ఒళ్లు తాకినట్టుంది. మీరు అంత రాశారు గాని ఆ వెచ్చదనం రాయలేదు! అది నేను చెబుతున్నాను. వేసవి కదా, దీపాలు పెట్టేవేళ దాకా ఆ వెచ్చదనం పోదు.

ఈరోజు లాలాగూడ సైరను విన్నాను. వరండాలో నిలబడ్డాను. ఆయన ఎత్తెక్కి నడిచి వస్తూ కనబడ్డారు. ఈరోజు గురువారం అక్కా. ఆదివారం కాదు.

మీరు కాచిగూడలో ఏ రోజు దిగుతారో రాయండి. స్టేషనుకు వస్తాను. నా ముఖం మీకు తెలియదు, మీ ముఖం నాకు తెలియదు, ఎలా కలుసుకుంటామని అత్తమ్మతో అన్నాను. ఆమె వంకాయలు తరుగుతూ తలెత్తి, “నేను వస్త పా. రాయి పట్టుకొని ఇడవని మనిషి గామె. మందిల ఎంత దూరమున్న గుర్తుపడత” అన్నది.

మీ
భారతి